ఎంతటివాడైనా దిగాల్సిన చప్పుడు

మోటారు కార్లు కొత్తగా దిగిన రోజుల్లో ఒక సంస్థానాన్ని ఏలే రాజావారు, తన కారు సైలెన్సర్ పీకించి, గాలి పీల్చే గొట్టాన్ని వెడల్పు చేయించారు. అది పందెం కారులా గర్జించేది. "ఈ చప్పుడు వినబడితే ఎంతటివాడైనా రోడ్డు దిగాలి" అని చాటింపు వేయించారు.

దున్నేవాడిదే భూమి అయితే, కంకర కొట్టినవాళ్లది రోడ్డు కాదా? ఆ కంకర కొట్టిన తవిటమ్మకు ఒకటే కోరిక: ఆ రోడ్డు మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కసారి, పక్కకు దిగకుండా పోవాలని. ఆమె మొగుడు సింహాద్రి అద్దె కారు నడిపేవాడు. ఎప్పుడు ఎక్కించుకున్నా దారిలో గర్జన వినబడేది, బండి బురదలోకి దిగేది.

చివరికి సింహాద్రి తన డొక్కు కారుకూ సైలెన్సర్ పీకేసి, గొట్టం వెడల్పు చేసి, తవిటమ్మను ఎక్కించుకున్నాడు. రాజావారు రోడ్డు మధ్య కారు ఆపించి కొబ్బరినీళ్లు తాగుతున్నారు. వెనక గర్జన వినగానే డ్రైవరు హడలిపోయి కారును బురదలోకి దించేశాడు.

"నన్నే దిగమంటావురా?" రాజావారు బురదలోకి దిగి సింహాద్రి మీద అరిచారు.

"నేనెక్కడన్నాను మహాప్రభో! ఎంతటివాడైనా దిగాలన్నది తమరే. తమరికి వర్తించదంటే చాటింపు ఎత్తించండి."

బురదలో నిలబడ్డ రాజావారు అక్కడికక్కడే చాటింపు ఎత్తేశారు.

సింహాద్రి గర్వంగా బండి తీయబోయాడు. తవిటమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ముందా సైలెన్సర్ బిగించు మావా. నా కంకర మీద చక్రాలు ఎలా దొర్లుతాయో వినాలి."