చుక్కమ్మ పెట్టని చుక్క

అనగనగా ఒక ఊరు. ఊరంటే బస్సు ఆగే ఊరు కాదమ్మడూ. మన పెరట్లో జామచెట్టు మీద ఉడుత తిరుగుతుందే, దాని కాలేయంలో ఉన్న ఊరు. కంటికి ఆనదు. ఆననంత మాత్రాన ఊరు కాకుండా పోదు కదా. కాళ్ళు ఆడించకుండా పడుకుని విను.

ఆ ఊరి నడిమధ్య ఒక లోగిలి. ఆ లోగిట్లో ఒక పెద్ద పుస్తకం. ఆ పుస్తకం గడప దాటి బయటికి రాదు. అందులో ఉన్నది చూసి చీటీ రాయించి బయటికి పంపిస్తారు. వీధిలో పూసలు గుచ్చేవాళ్ళు ఉంటారు. చీటీలో ఎలా ఉంటే అలా గుచ్చుతారు. గుచ్చడం అయిందంటే ఒక మనిషి లేచి నిలబడినట్టే. ఆ ఊళ్ళో అందరూ అలా పుట్టినవాళ్ళే.

చీటీలు రాయించేది ఇద్దరన్నదమ్ములు. ఒకాయన క్లాకన్న, ఇంకొకాయన బీమాలన్న. నవ్వకు, ఆ పేర్లు నేను పెట్టలేదు, పెద్ద చదువులు చదివినవాళ్ళు పెట్టారు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ కలిపితేనే పని. విడివిడిగా ఉంటే ఒక్కరికీ ఒక్క ముక్క రాయించడం చేతకాదు. ఉడుత పడుకున్నాక వాళ్ళు మొదలుపెడతారు. ముందు పొయ్యిలు రాజెయ్యమని చీటీలు. ఉడుత పొద్దున్నే లేచి జామకాయ కొరికేసరికి ఊళ్ళో పొయ్యిలు మండుతూ ఉండాలి మరి. ఆ తర్వాత పెరమ్మని గుచ్చమని ఒక చీటీ.

ఇక్కడే ఉంది తమాషా. పెరమ్మ పుట్టి, కాస్త నిలదొక్కుకున్నాక, క్రైయ్య అనే ఆయన్ని తోడు తీసుకుని నేరుగా ఆ లోగిట్లోకే పోతుంది. పోయి అన్నదమ్ముల చేతులు పట్టుకుంటుంది. "ఇంక చాలు, కూర్చోండి" అంటుంది. అప్పుడు చీటీలు ఆగిపోతాయి. పొయ్యిలు చల్లబడతాయి. ఊరు అలుపు తీర్చుకుంటుంది. ఎవరి వల్ల పుట్టిందో వాళ్ళనే ఆపుతుందన్నమాట.

ఆ తర్వాత పెరమ్మ వెళ్ళిపోవాలి. ఆమె వెళ్తేనే అన్నదమ్ముల చేతులు వదులవుతాయి, మళ్ళీ చీటీలు మొదలవుతాయి. ఇదంతా కలిపితే ఒక రోజు. ఎక్కడికి వెళ్తుంది అని అడగబోతున్నావు. చెప్తా, ఆగు.

ఆ సంగతి చూసేది చుక్కమ్మ. పుస్తకాల్లో ఆమెకి కైనేజో ఏదో పేరుంది, నాకు నోరు తిరగదు. ఆమె పని పెరమ్మ ఒంటి మీద చుక్కలు పెట్టడం. పెరమ్మ పుట్టిన దగ్గర్నించి చెయ్యి పట్టుకుని పక్కనే నడుస్తూ, ఒకటి తర్వాత ఒకటి. గబగబా పెట్టేస్తే రోజు పొట్టిదైపోతుంది. మరీ నిదానిస్తే రోజు సాగిపోతుంది. చుక్కలన్నీ నిండాక బిళ్ళబంట్రోతు వచ్చి, మెడలో ఒక బిళ్ళ కట్టి, విప్పుడు కొట్టానికి తీసుకుపోతాడు. అక్కడ దారం లాగి పూసలు విప్పేస్తారు. అంతే, పెరమ్మ ఉండదు.

నిజానికి పెరమ్మలు గుంపులు గుంపులుగా పుడతారు. మన కథకి ఒకత్తి చాలు.

చుక్కమ్మ అప్పటికి ఎంతమందికి చుక్కలు పెట్టిందో ఆమెకే తెలీదు. ఏడ్చింది లేదు, బెంగపెట్టుకుంది లేదు. ఒకత్తి అటు వెళ్తే ఇంకొకత్తి ఇటు వచ్చేది. అంత గట్టి మనిషి ఈ పెరమ్మ దగ్గర బోల్తా పడింది.

ఈ పెరమ్మ వసపిట్ట. చుక్క పెడుతుంటే చక్కిలిగింతలని మెలికలు తిరిగేది. కనబడిందల్లా ఏమిటేమిటని అడిగేది. క్రైయ్యతో కలిసి లోగిట్లోకి వచ్చి, అన్నదమ్ముల చేతులు పట్టుకుని కూడా నోరు ఆపలేదు.

"అత్తా, ఇందాకట్నించీ నా వెంట తిరుగుతూనే ఉన్నావు. కాళ్ళు లాగట్లేదూ? కాసేపు కూచోరాదూ" అంది.

చుక్కమ్మని కూచోమన్నవాళ్ళు అంతవరకూ లేరు. ఆమెకి ఒక్కసారిగా కాళ్ళ నొప్పులన్నీ తెలిసొచ్చాయి. ఆ పిల్ల పక్కనే చతికిలబడింది. ఆ పిల్లంటే ఆమెకి ప్రాణమైపోయింది, దాపరికం ఎందుకు.

అలా కబుర్లలో చుక్కలు పడుతూ పడుతూ చివరికి మూడు మిగిలాయి. చుక్కమ్మ రంగులో వేలు ముంచింది. ముంచి, పెట్టకుండా చీరకొంగుకి తుడిచేసుకుంది.

అప్పుడు బిళ్ళబంట్రోతు వచ్చాడు. "ఏం చుక్కమ్మక్కా, ఇంకా అవలేదా?" అన్నాడు.

"అవలేదు."

"ఎప్పటికవుతుంది?"

"అయినప్పుడు" అంది చుక్కమ్మ.

ఆయన చుక్కలు ఒకటికి రెండుసార్లు చూసుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. రూలంటే రూలే ఆయనకి. చుక్క తక్కువైతే బిళ్ళ బయటికి తియ్యడు.

తెల్లారింది. ఉడుతకేం తెలుసు పాపం, లేస్తూనే జామకాయ తినేసింది. తీపి రసమంతా ఊళ్ళోకి వచ్చిపడింది. వండుదామంటే పొయ్యిలు మంచుగడ్డల్లా ఉన్నాయి. రాజెయ్యమని చీటీ వస్తే కదా. సరేలే అని రసం వీధిలో పారబోసుకున్నారు.

ఆ తర్వాత ఉడుత వేరుశనక్కాయలు తిన్నది. నూనె వచ్చి గడపల మీద పేరుకుంది. జనం జారి పడుతున్నారు.

ఆ తర్వాత అది మన డాబా ఎక్కి నేను ఎండబెట్టుకున్న వడియాలు తిన్నది, దొంగ మొహం. దాంతో ఊళ్ళో గంజి మోకాళ్ళ దాకా వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ వండుకుని తింటున్నాయి. ఈ ఊరొక్కటే కూడు ఎదురుగా పెట్టుకుని పస్తు ఉంటోంది. ఊరి గోడ ఉబ్బడం మొదలుపెట్టింది. అది పగిలిందంటే ఊరూ లేదు, పుస్తకమూ లేదు, ఎవరూ లేరు.

చుక్కమ్మకి ఇదంతా కనబడుతూనే ఉంది. ఈ ఒక్క పూటకి ఏం కాదులే అనుకుంది. మళ్ళీ అలాగే అనుకుంది. అన్నీ తెలిసి కూడా కదల్లేకపోయింది.

అప్పుడు పూసలు గుచ్చే పోలమ్మ గంజిలో ఈదుకుంటూ గడప దాకా వచ్చింది. చేతిలో ఉత్త దారం. "చీటీ పంపండి బాబూ, పిల్లలు ఆకలికి సోలిపోతున్నారు" అంది.

పెరమ్మ చుక్కమ్మ వైపు తిరిగింది. "చీటీలు మళ్ళీ ఎందుకు మొదలవలేదు అత్తా?"

"అన్నదమ్ములకి ఒంట్లో బాగోలేదు" అని చుక్కమ్మ బొంకింది.

బీమాలన్న అంతవరకూ నోరు విప్పని మనిషి. "మాకేం, రాళ్ళలా ఉన్నాం. నువ్వు పట్టుకున్నావు తల్లీ, అందుకని ఆగాయి" అన్నాడు.

"అయితే వదిలేస్తాను."

"నీ అంతట నువ్వు వదల్లేవు. నిన్ను గుచ్చడమే అలా గుచ్చారు."

పెరమ్మ లాక్కుని చూసింది. రాలేదు. ఇంకోసారి లాగింది. రాలేదు. మూడోసారి లాగబోయి, తన ఒంటి వైపు చూసుకుంది. భుజం మీద మూడు చోట్ల ఖాళీ.

"ఇవెందుకు పెట్టలేదు?"

చుక్కమ్మ అబద్ధం వెతుక్కుంది. దొరకలేదు. "పెడితే నువ్వు పోతావు. మళ్ళీ రావు. నువ్వు లేకపోతే నాకేం తోచదు" అంది.

పెరమ్మ గడప వైపు తిరిగింది. పోలమ్మ గడప పట్టుకుని నిలబడే ఉంది. గంజి ఆమె నడుము దాకా వచ్చింది.

"నాకు భయంగా ఉంది అత్తా" అంది పెరమ్మ. "అయినా పెట్టు."

చుక్కమ్మ మొదటి చుక్క పెట్టింది. అది వంకరపోయింది. రెండో చుక్క పెట్టింది. పెరమ్మ కళ్ళు మూసుకుంది. మూడో చుక్కకి చుక్కమ్మ చెయ్యి లేవలేదు. పెరమ్మే భుజం ముందుకి వంచి, ఆమె వేలికి తాకించుకుంది.

బిళ్ళబంట్రోతు మళ్ళీ వచ్చి, చుక్కలు లెక్క చూసుకుని బిళ్ళ కట్టాడు. పెరమ్మ పట్టు దానంతట అదే సడలింది. క్రైయ్యని పంపించే దారి వేరు, ఆయన అటు వెళ్ళాడు. విప్పుడు కొట్టం దాకా ఎవరూ వెళ్ళరు. చుక్కమ్మ వెళ్ళింది. దారం లాగారు. పూసలు గలగలా బుట్టలో పడ్డాయి. ఏ పూస ఎవరిదో ఆ ఊళ్ళో ఎవరూ పట్టించుకోరు, పాత పూసలు కొత్త పూసలతో కలిసిపోతాయి. చుక్కమ్మ ఏడ్చింది. ఏడవడం ఆమెకి అదే మొదలు.

ఆ తర్వాత అన్నదమ్ములు చేతులు విదిలించుకుని, చెయ్యీ చెయ్యీ కలిపారు. చీటీలు వెళ్ళాయి. పొయ్యిలు అంటుకున్నాయి. గంజి మోకాళ్ళకి దిగింది, పాదాలకి దిగింది, ఇంకిపోయింది. పిల్లలు తిన్నారు. ఊరి గోడ సర్దుకుంది.

ఆ తర్వాత చీటీ ప్రకారం ఇంకో పెరమ్మ లేచి నిలబడింది. అదే పుస్తకం కదా, అదే మొహం. మనిషి మాత్రం వేరు. ఈమెకి మాటలు తక్కువ. చుక్కమ్మ ఆ మొహం వైపు చూసి చూసి, వేలు రంగులో ముంచింది. ఈసారి చుక్క పెట్టేముందు ఆగింది. అంతకు ముందు ఏ పెరమ్మకీ చెప్పని మాట చెప్పింది.

"ఇవి నిండితే నువ్వు వెళ్ళిపోవాలి తల్లీ. ముందే చెప్తున్నా."

కొత్త పెరమ్మ తన భుజం చూసుకుంది. "నిండడానికి ఎంతసేపు?"

"ఒక రోజు."

"ఒక రోజంటే చాలానే ఉందిగా" అని, చుక్కమ్మ చెయ్యి పట్టుకుని నడిచింది.

చుక్కా చుక్కా నిండింది,
చల్లని పొయ్యీ మండింది,
ఉడుతకి బువ్వా అరిగింది,
అమ్మడి కునుకూ పెరిగింది,
కథేమో కంచికి కదిలింది,
మనకేమో ఇల్లే మిగిలింది.