ఉప్పుమళ్ళలో వెలసిన అడుగులమ్మ

సముద్రపు ఒడ్డున, ఉప్పుమళ్ళ నడుమ ఉన్న అడుగులపాలెంలో అడుగులమ్మ తల్లి కొలువై ఉంది. గర్భగుడిలో విగ్రహం లేదు. రాయిలా బిగుసుకుపోయిన మట్టిలో ఒక స్త్రీ పాదముద్రలు రెండు మాత్రమే భక్తులకు దర్శనమిస్తాయి. తల్లి ఇలా వెలసిన కథను ఊరి పెద్దలు ఈ విధంగా చెబుతారు.

పూర్వం ఇక్కడి మళ్ళన్నీ అప్పలభూపతి అనే కామందువి. ఉప్పు పండాలంటే ముందు మడి నేలను నెల రోజులు కాళ్ళతో తొక్కి గట్టిపరచాలి. పనులన్నింటిలో కష్టమైనది అదే. కొత్తవారు ఆ నెలంతా పరీక్షగా, పూట అంబలికే తొక్కాలనీ, నెగ్గినవారికి గుడిసె, ఏడాది పొడుగునా పని ఇస్తాననీ కామందు కట్టడి చేశాడు. మూడేళ్ళుగా ఒక్కరూ నెగ్గలేదు. నెల నిండేనాటికి మేస్త్రి పైడయ్య ఏదో ఒక తప్పు చెప్పేవాడు. వాళ్ళు తల వంచుకుని వెళ్ళిపోయేవారు. పైడయ్య చెడ్డవాడు కాడు. ఇంట్లో ఐదుగురి కడుపులు ఆ కొలువు మీదే ఆధారపడి ఉన్నాయి. నోరు తనదైనా మాట కామందుదని మనసుకు సర్దిచెప్పుకునేవాడు.

ఒక కరువు ఏడు, కొండవాలు పల్లె నుండి నూకాలు అనే వితంతువు చూపు లేని అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. అత్తను గట్టు మీద కూర్చోబెట్టి మడిలో దిగేది. ఆమె తొక్కిన నేల అద్దంలా తేలింది. అంతటి పనితనం పైడయ్య ఎన్నడూ చూడలేదు.

“ఈమెనైనా ఉంచుకుందాం, దొరా” అని అడిగాడు కూడా.

“ఉంచితే ఏడాదంతా మేపాలి. ఏదో వంక పెట్టి పంపెయ్” అన్నాడు కామందు.

నెల నిండిన ఉదయం పైడయ్య ఆమె ముఖం చూడకుండా, “నీ అడుగు సరిగా పడలేదమ్మా” అన్నాడు.

నూకాలు ఏడవలేదు, తిట్టలేదు. పరీక్ష నిజమనే ఆమె నమ్మింది. “ఏ అడుగు బాబూ? సూపించండి, మల్లీ తొక్కుతాను” అంది.

పైడయ్య చూపించలేకపోయాడు. ఆమె మడిలో వంగి, జానెడు జానెడు నేల తడుముతూ తన తప్పును తానే వెతకసాగింది. ఎండ ముదిరింది. “ఒచ్చీవే, ఎల్లిపోదాం” అని అత్త గట్టు మీద నుండి పిలుస్తూనే ఉంది. పొద్దు వాలకముందే నూకాలు మడి మధ్య కుప్పకూలింది. పైడయ్య పరుగున వెళ్ళి ఎత్తేసరికి ప్రాణం లేదు.

ఆ ఏడు ఏ మడిలోనూ ఉప్పు గింజ కట్టలేదు. నెల రోజులు నీరు నిలిచినా నూకాలు చివరగా నిలబడిన చోట పాదముద్రలు చెరగలేదు. ఒక తెల్లవారుజామున అమ్మవారు నూకాలు రూపంలో పైడయ్యకు కలలో కనబడి, “తప్పుంటే చూపించు. లేకుంటే లేదని నలుగురిలో చెప్పు” అని ఆనతిచ్చింది.

పైడయ్య కూలీలందరినీ పిలిచి, కామందు ఎదుటే, “ఆమెలో తప్పు లేదు. అంతకుముందు పంపినవారిలోనూ లేదు. అబద్ధం నాది” అన్నాడు. కామందు అతణ్ణి అక్కడికక్కడే వెళ్ళగొట్టాడు. కానీ ఆపై ఆ మళ్ళలో కాలు పెట్టే మనిషి దొరకలేదు. రెండేళ్ళు బీడుపడ్డాక కామందు దిగివచ్చి, పాదముద్రల ముందు తన కట్టడిని రద్దు చేశాడు. పైడయ్య నూకాలు అత్తను తన ఇంట ఉంచుకుని కడదాకా సాకాడు. ఆమె మాత్రం అతనితో ఒక్క మాటా మాట్లాడలేదట.

నేటికీ ఈ ప్రాంతంలో కొత్తవారిని పనిలో పెట్టుకునేవారు తొలిరోజే వారితో కలిసి ఇక్కడికి వస్తారు. పరీక్షగా ఎన్నాళ్ళు చూస్తారో, పనిలో ఏమి చూస్తారో తల్లి ఎదుట చెప్పాలి. ఆ నాళ్ళకూ కూలి ఇవ్వాలి. తప్పుంటే వేలితో చూపి, దిద్దుకునే గడువివ్వాలి. పనివారూ మనసు పెట్టి చేస్తామని మాట ఇస్తారు. ఆ మాట నిలుపుకున్న ఇరువురి ఇళ్ళలోనూ పొయ్యి ఆరదని భక్తుల నమ్మకం.

మాఘ బహుళ దశమినాటి ఉత్సవానికి మేళతాళాలు ఉండవు. నూకాలుకు ముందు వెళ్ళిపోయినవారు ఎటు పోయారో, వారి పేర్లేమిటో ఎవరికీ తెలియదు. పూజారి గోత్రనామాలు లేకుండానే వారి కోసం అర్చన చేసి, వాకిట వరుసగా విస్తళ్ళు పరిచి అన్నం వడ్డిస్తాడు. వాటి ముందు ఎవరూ కూర్చోరు.