తబిత రాసిన అర్జీ

ఆదివారం ఆరాధన అయి అందరూ వెళ్ళేదాకా ఆగి, కరుణావతి ఎలీసమ్మగారి ఇంటికి వెళ్ళింది. ఎలీసమ్మగారు నలభై ఏళ్ళు ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి. చిన్నప్పుడు కరుణావతికి అక్షరాలు దిద్దించిందీ, ప్రార్థన నేర్పిందీ ఆవిడే. ఇప్పుడు చూపు మందగించి ఇంటిపట్టునే ఉంటోంది.

"వందనాలమ్మగారూ" అంటూనే కరుణావతి తలుపు దగ్గరగా వేసింది. సంచీలోంచి మడత పెట్టిన కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"రేపు గడిచేదాకా ఇది మీ దగ్గర దాచండి. తబిత అడిగితే తెలీదనండి."

"ఏంటమ్మా ఇది?"

"అర్జీ. దాని పుస్తకాల్లోంచి తీసుకొచ్చేశాను. రేపు కలెక్టరాఫీసులో ఇస్తానంటోంది."

తబిత ఆమె కూతురు. పదహారేళ్ళది. రోజూ పొద్దున్నే తల్లి దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ప్రవక్తల మాటలు చదివించేది. దిక్కులేనివాళ్ళ పక్షాన నిలబడాలని చెప్పేది. చెబుతున్నప్పుడు అదంతా ఎక్కడో దూరదేశంలో జరిగినట్టే ఉండేది.

పోయిన వారం వీధి కుళాయి దగ్గర తబితకి ఒక పిల్ల కనబడింది. రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసే పిల్ల. పన్నెండేళ్ళుంటాయేమో. ఐసులో చేతులు పెట్టీ పెట్టీ వేళ్ళు పగిలి నెత్తురు కారుతున్నాయి. నీళ్ళకి తప్ప బయటికి రానివ్వరనీ, ఇంటికి పంపరనీ, తనలాంటి వాళ్ళు పదిమంది దాకా ఉన్నారనీ చెప్పింది.

"ఆ షెడ్డు వ్యాను నడిపేది మా ఆయనే కదమ్మగారూ" అంది కరుణావతి. "యజమాని సంగతి మీకు తెలుసు. తబితని దారిలో ఆపితే? మీ మాటంటే దానికి గురి. వద్దని ఒక్కసారి చెప్పండి."

ఎలీసమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని, కాగితం కళ్ళకి ఆనించుకుని, ఒక్కో అక్షరమే చదివింది. చాలాసేపు పట్టింది. కరుణావతి తలుపు వంకే చూస్తూ కూర్చుంది.

"పెన్నుందా?"

ఇచ్చింది.

"నిర్బంధించారులో బకి ఒత్తు పెట్టేసింది" అని ఆవిడ దిద్దింది. తర్వాత తబిత సంతకం మీద వేలు ఆనించి, దాని కింద రెండు వేళ్ళ మందం చోటు వదిలి, తన పేరు రాసింది.

కరుణావతి గబుక్కున లేచింది. "అమ్మగారూ! దాచమని తెస్తే మీరూ సంతకం పెట్టారేంటి? మధ్యలో ఆ ఖాళీ ఎందుకు?"

ఎలీసమ్మగారు పెన్నుకి మూత పెట్టలేదు. కాగితం మీద అలాగే ఉంచింది.

"ఆయన ఉద్యోగం పోతే?"

"పోవచ్చమ్మా."

"దానికేమైనా అయితే?"

"అందుకేగా. ఒక్కదాన్నే పంపకు."

కరుణావతి ఇల్లు చేరేసరికి తబిత అలమారలో బట్టలన్నీ కింద పోసి వెతుకుతోంది. తల్లి కాగితం అందించింది. తబిత మడత విప్పింది. తన పేరు కింద అమ్మ పేరు, ఆ కింద ఎలీసమ్మగారి పేరు. అమ్మ అక్షరాలు వంకర్లు పోయి ఉన్నాయి.

"నాన్నకి తెలుసా?"

"ఇప్పుడు చెబుతాను."

భోజనాల దగ్గర చెప్పింది. భర్త ఇమ్మానుయేలు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. అరుస్తాడేమో, కాగితం లాక్కుని చింపేస్తాడేమో అనుకుంది కరుణావతి. అతను తల ఎత్తలేదు.

"ఆ పిల్లల్ని రైల్వే స్టేషను నుంచి తెచ్చింది నేనే" అన్నాడు చివరికి. "నా వ్యానులోనే."

కంచం పక్కకి జరిపి తబిత వైపు తిరిగాడు.

"ఎంతమందని రాశావే?"

"పదిమంది అని నాన్నా."

"పద్నాలుగు. దిద్దు."

మర్నాడు మొదటి బస్సుకి ఇమ్మానుయేలుతో సహా ముగ్గురూ ఎక్కారు. ఊరు దాటేదాకా కరుణావతి వెనక్కి చూస్తూనే ఉంది.