చేమంతి మొహమాటం

ఒకప్పుడు మొక్కలకు మొహమాటం మహా ఎక్కువ.

ఎంత ఎక్కువంటే, ఎండ మాడ్చేస్తున్నా "అబ్బే, వెచ్చగా బాగుందండీ" అనేవి. మొదలు దగ్గర నీళ్లు నిలిచి కుళ్లిపోతున్నా "చల్లగా ఉంది, మీకెందుకు శ్రమ" అనేవి. ఒకచోట పీకి ఇంకోచోట నాటితే వేళ్లు తెగి ప్రాణం పోతున్నా సరే, ఒక్క ఆకు కూడా వంచేవి కావు. నిటారుగా నిలబడి నవ్వుతూ ఉండేవి. అలా నవ్వుతూ నవ్వుతూనే ఓ పొద్దున ఠపీమని చచ్చిపోయేవి.

ఆ రోజుల్లో ఏటి ఒడ్డున కొత్తరేవు అనే ఊళ్లో బుల్లెమ్మ ఉండేది. ఆమె మొగుడు పోలయ్య ఎడ్లబండి తోలేవాడు. బుల్లెమ్మకు పూలంటే పిచ్చి. కానీ ఆమె పెరట్లో ఒక్క పూలమొక్కా లేదు. పక్కింటి నరసాయమ్మకేమో పెరటినిండా చేమంతులే.

పండగొచ్చినా పబ్బమొచ్చినా బుల్లెమ్మ గోడ దగ్గర నిలబడి, "వదినా, రెండు పూలిస్తావా?" అని అడిగేది.

నరసాయమ్మ ఏనాడూ లేదనలేదు. ఇచ్చేది. ఇస్తూ ఇస్తూ, "తీసుకో బుల్లెమ్మా. పాపం, మీ పెరట్లో గడ్డి కూడా మొలవదు కదా" అనేది.

పూలు తల్లో ఉన్నంతసేపూ ఆ మాట బుల్లెమ్మకు గుచ్చుకుంటూనే ఉండేది.

"ఎందుకు మొలవదో నేనూ చూస్తాను" అని ఒకరోజు ఆమె గునపం పట్టింది.

ముందు కనకాంబరం తెచ్చి నాటింది. బిందెడు నీళ్లు పోసి, "ఎలా ఉందే?" అని అడిగింది.

"దివ్యంగా ఉందండీ" అంది కనకాంబరం.

అంత దివ్యంగా ఉంటే ఇంకో బిందె పోస్తే ఇంకెంత బాగుంటుందో అని, ఇంకోటి పోసింది. ఆపైన మరోటి పోసింది. కనకాంబరం "దివ్యం, దివ్యం" అంటూనే కన్నుమూసింది.

తర్వాత మందారం తెచ్చింది. దానికి మెడదాకా పచ్చిపేడ పెట్టింది. పచ్చిపేడ వేడికి మొదలు ఉడికిపోతున్నా, "మీ చేతి వంట మహా రుచి" అంది మందారం. రెండో ముద్ద అడగకుండానే పోయింది.

ఆ తర్వాత మల్లె. అది వేరు పట్టిందో లేదో చూడాలని బుల్లెమ్మ రోజూ దాన్ని పైకి లాగి చూసి మళ్లీ పాతిపెట్టేది. "నొప్పిగా ఉందా తల్లీ?" అంటే, "అబ్బే, చక్కిలిగింతలు!" అని కిలకిలా నవ్వేది మల్లె. దాని నవ్వు కూడా ఎక్కువ రోజులు వినపడలేదు.

ఊళ్లో మాట పుట్టింది. బుల్లెమ్మ చెయ్యి మంచిది కాదన్నారు. ఆ ఏడు వరినాట్లకు ఆడవాళ్లందరూ చీరలు ఎగ్గట్టుకుని చేలోకి దిగుతుంటే బుల్లెమ్మను మాత్రం గట్టుమీదే ఆపేశారు.

"నువ్వు అన్నం మూటల దగ్గర కూచో బుల్లెమ్మా. నారు మాత్రం ముట్టుకోకు, నీకు పుణ్యముంటుంది."

"దానికేముంది, అలాగే" అని నవ్వింది బుల్లెమ్మ. పొద్దుగూకేదాకా గట్టుమీద కాకుల్ని తోలుతూ కూచుంది. అవతల పాటలు పాడుకుంటూ నాట్లు వేస్తుంటే, తన చేతులు తనే చూసుకుంది. ఇంటికొచ్చాక పొయ్యి ముందు కూచుని కళ్లు ఒత్తుకుంటుంటే పోలయ్య చూశాడు.

"ఏమైందే?"

"పొగ" అంది బుల్లెమ్మ.

మర్నాడు మళ్లీ గోడ దగ్గర నిలబడింది. "వదినా, ఈసారి పూలు కాదు. ఒక్క చేమంతి పిలక ఇయ్యి. కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటాను."

"కనకాంబరాన్నీ అలాగే చూసుకున్నావు" అంటూనే నరసాయమ్మ తల్లిమొక్క పక్కనుంచి ఓ పిలక తీసిచ్చింది.

బుల్లెమ్మ దాన్ని తడిగుడ్డలో చుట్టి తెచ్చి బావి దగ్గర నాటింది. "ఎలా ఉంది తల్లీ?"

"బాగుందండీ" అంది చేమంతి.

మర్నాడు బుల్లెమ్మకు అనుమానం వచ్చింది. ఇక్కడ నీడెక్కువేమో! పీకి గోడవార నాటింది. "ఇక్కడో?"

"ఇక్కడ ఇంకా బాగుందండీ."

ఇంకా బాగుందట! అయితే మునగచెట్టు కింద ఇంకెంత బాగుంటుందో! అక్కడికి మార్చింది. అక్కడా బాగానే ఉందంది చేమంతి. పశువులపాక పక్కకు మార్చింది. అక్కడైతే మరీ బాగుందంది.

రోజూ బండి తోలుకొచ్చే పోలయ్యకు పెరట్లో దారి తెలియడం మానేసింది. ఒక గుంట తప్పించుకుంటే ఇంకో గుంటలో కాలు పడేది.

"ఏమే, నా ఎద్దులు కూడా ఇంత తిరగవు" అన్నాడు మడమ రాసుకుంటూ. "రేపు దాన్ని ఏ ఊరు పంపిస్తున్నావు?"

"నీకేం తెలుసయ్యా? దాని మనసు నాకు తెలుసు" అంది బుల్లెమ్మ.

మరుసటిసారి గునపం దించేసరికి మట్టిలోంచి ఓ వానపాము బయటికొచ్చింది.

"అమ్మా తల్లీ, కాస్త ఆగు. ఈ పిల్ల వేళ్లు చూశావా? పాపం, పెట్టిన వేరు పెట్టినట్టే తెంపేస్తున్నావు. దీనికి నీళ్లు తాగే దారే లేదు" అంది.

"దాని మాటలు పట్టించుకోకండి" అంది చేమంతి వెంటనే. "నేను హాయిగా ఉన్నాను."

"విన్నావా?" అని బుల్లెమ్మ వానపామును కసిరింది. "బాగున్న పిల్లను బాగాలేదంటావేం? పో!"

వానపాము ఆశ్చర్యపోతూ మట్టిలోకి దూరింది. మొహమే లేని జీవి కదా, దానికి మొహమాటం సంగతి ఎలా తెలుస్తుంది?

ఇంతలో అమ్మవారి ఊరేగింపు రోజు వచ్చింది. ఊళ్లో ఆడవాళ్లందరూ బుల్లెమ్మ గుమ్మం ముందునుంచే వెళ్లాలి. చేమంతి పెరట్లో ఉంటే ఎవరికి కనపడుతుంది? తన చేత్తో నాటిన మొక్క నిటారుగా నిలబడి ఉండటం ఊరంతా చూడొద్దూ? నారు ముట్టుకోవద్దన్నవాళ్లు ముందు చూడొద్దూ?

మిట్టమధ్యాహ్నం, నేల పెనంలా కాలుతుండగా, బుల్లెమ్మ గునపం తీసుకుంది.

"అమ్మగారూ…" అంది చేమంతి.

"ఏం తల్లీ?"

"ఏం లేదండీ. మీ ఇష్టం."

బుల్లెమ్మ దాన్ని పెకలించింది. నలుగురి ముందుకూ వెళ్లే పిల్ల కదా అని వేళ్లకున్న మట్టినంతా దులిపి, శుభ్రంగా కడిగింది. గుమ్మం పక్కన నాటి, నాలుగడుగులు వెనక్కి వేసి మురిసిపోతూ అడిగింది.

"ఎలా ఉంది బంగారం?"

"బా…" అంది చేమంతి.

మాట పూర్తికాలేదు. దాని ఆకులు జారిపోయాయి. మెడ వంగింది. తల వచ్చి నేలకు తగిలింది.

అంతవరకూ లోకంలో ఎవరూ తల వాల్చిన మొక్కను చూడలేదు. బుల్లెమ్మ కెవ్వుమంది. గుమ్మం ముందుకొచ్చిన ఊరేగింపు ఆగిపోయింది. డప్పులవాళ్లు కూడా కర్రలు చంకలో పెట్టుకుని చూడ్డానికొచ్చారు.

"మజ్జిగ పొయ్యాలి" అంది నరసాయమ్మ. "దిష్టి తగిలింది, ఉప్పూ మిరపకాయలూ తిప్పెయ్యాలి" అంది ఒకావిడ. "పీకి ఇంకోచోట నాటితే సరి" అన్నాడు ఎవరో పెద్దమనిషి.

ఆ ఆఖరి మాట విని చేమంతి వణికింది. ఇక మొహమాటపడే ఓపిక కూడా దానికి లేదు.

"అమ్మా" అంది సన్నగా. "నన్నింక ఎక్కడికీ మార్చకు."

బుల్లెమ్మ దాని పక్కన చతికిలబడింది. "ప్రతిచోటా బాగుందన్నావు కదే!"

"మొహమాటానికి అన్నాను."

"మరి కనకాంబరం? మందారం? మల్లె?"

"నువ్వు అంత ఆశగా అడుగుతుంటే బాగాలేదని ఎలా చెప్తారమ్మా?"

బుల్లెమ్మకు ఒళ్లు మండింది. ఎన్ని బిందెలు మోసింది! ఎంత పేడ ఎత్తింది! "నోరుండి కూడా చెప్పకపోతే ఎలా? మీ మూలంగా నన్ను చేలోకి కూడా…" అనబోయింది. పొయ్యి ముందు కూచుని తను కన్నీళ్లను పొగ మీద పెట్టిన సంగతి గుర్తొచ్చి, ఆ మాట అక్కడే ఆపేసింది.

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అని అడిగింది.

"ఏమీ చెయ్యకు" అంది చేమంతి.

బుల్లెమ్మ దాని మొదలు చుట్టూ మట్టి మెల్లగా సర్దింది. చెంబెడు నీళ్లు పోసింది. ఎండ తగలకుండా గంప బోర్లించింది. అంతలో నరసాయమ్మ మజ్జిగ ముంతతో రానే వచ్చింది.

"లే బుల్లెమ్మా, ఇది పోస్తే ఇట్టే లేస్తుంది."

"వద్దు వదినా."

"నీ మంచికే చెప్తున్నాను."

"తెలుసు. అయినా వద్దు. ఎవరూ ముట్టుకోవద్దు. నేనూ ముట్టుకోను."

నరసాయమ్మ ముంతతో అలాగే నిలబడిపోయింది. బుల్లెమ్మ నోట వద్దు అనే మాట వినడం ఆమెకు అదే మొదలు. ఆ మాట అన్నందుకు బుల్లెమ్మకే భయమేసింది. అయినా గంప ముందునుంచి కదల్లేదు.

కానీ ఏమీ చెయ్యకుండా ఉండటం మాటలా? బుల్లెమ్మ చేతులకు ఒకటే దురద. గంప ఎత్తి చూద్దామని లేచేది, మళ్లీ కూచునేది. ఇంకాస్త నీళ్లు పోద్దామని చెంబు తీసేది, ఆ నీళ్లు తనే తాగేసేది. చివరికి చేతులకు కొంగు చుట్టుకుంది.

"చేతులు ఊరుకోకపోతే బండి చక్రాలకు ఆముదం రాయి" అన్నాడు పోలయ్య.

రాసింది. పొద్దున రాసింది, సాయంత్రం రాసింది. ఆ దెబ్బతో బండి చప్పుడే చెయ్యడం మానేసింది. అది రావడం వినపడక సందులో కోళ్లు హడలిపోయేవి.

అలా కొన్నాళ్లు గడిచాయి. ఒక పొద్దున బుల్లెమ్మ భయపడుతూనే గంప ఎత్తింది.

చేమంతి లేచి నిలబడి ఉంది. నడిమధ్యన, గోరంత కొత్త ఆకు!

'ఎలా ఉంది' అనే మాట బుల్లెమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఆపుకుంది. చేమంతే మాట్లాడింది.

"కాస్త దాహంగా ఉందమ్మా."

బుల్లెమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. అన్ని మొక్కల్లో, అన్నాళ్లలో, నోరు తెరిచి ఇది కావాలని అడిగిన మొక్క అదొక్కటే. చెంబెడే పోసింది. రెండో చెంబు పోయలేదు.

సంగతి తెలిసి ఊరంతా వచ్చింది. తను మజ్జిగ తేబట్టే, ఆ వాసనకే మొక్క లేచిందని నరసాయమ్మ చెప్పింది. దిష్టి ఆవిడ, ఎందుకైనా మంచిదని ఇంట్లో కూచునే ఉప్పు తిప్పానంది. పోలయ్య మాత్రం ఆముదం మహిమ అన్నాడు. ఎవరి ఘనత వాళ్లు తీసుకుని వెళ్లిపోయారు.

ఈ వైనమంతా వానపాము మట్టిలోంచి మట్టిలోకి పాకుతూ లోకంలో మొక్కలన్నిటికీ చేరవేసింది. "తల వాల్చేస్తే చాలట! ఇక ఎవరూ ముట్టుకోరట!" అని చెప్పింది. మొక్కలు తెగ సంతోషించాయి. నోరు తెరిచి బాగాలేదని చెప్పడం వాటివల్ల అయ్యే పని కాదు. అలా చెప్పిన చేమంతి కూడా ఆ తర్వాత సిగ్గుపడి మళ్లీ అలాంటి మాట ఎత్తలేదు. తల వాల్చడమైతే ఎవరినీ ఏమీ అనక్కర్లేదు.

అప్పటినుంచే, బంతైనా చేమంతైనా, వరినారైనా వంగనారైనా, ఒకచోటినుంచి తీసి ఇంకోచోట నాటిన మొక్క కొన్నాళ్లపాటు తల వేలాడేస్తుంది. కింద వేళ్లు పట్టుకునేదాకా అలాగే పడి ఉండి, మనం ఆశ వదిలేసుకున్న పొద్దున ఏమీ ఎరగనట్టు లేచి నిలబడుతుంది.