గూడబాతు ఉపవాసం

అనగనగా సముద్రం ఒడ్డున ఒక మడ అడవి ఉండేది పిల్లలూ. అక్కడ కాలవ గట్టున నూకాలు అనే నీటికుక్క తన ఒక్కగానొక్క పిల్లతో కాపురముండేది. ఏటా చలికాలం రాగానే సముద్రం అవతలి నుంచి ఒక గూడబాతు ఆ కాలవకి వచ్చేది. దూరం నుంచి వచ్చిన చుట్టం కదా అని అందరూ చేపలు పట్టి పెట్టేవారు. అది ముక్కు కింద సంచి నిండేదాకా మెక్కేది.

ఆ ఏడు మాత్రం ఒక పడవని వెంటబెట్టుకుని వచ్చింది. పడవ నిండా పాత సెల్‌ఫోన్లు, పగిలిన కంప్యూటర్లు, చిక్కుపడ్డ తీగలు.

"ఏంటి బాబుగారూ ఇదంతా?" అని అడిగింది నూకాలు.

"మీ మేలు కోసమే తెచ్చాను నూకాలమ్మా. ఈ తీగలు కాల్చండి, లోపల రాగి ఉంటుంది. రాగి నాకివ్వండి, నేను మీకు సముద్రం చేపలు తెచ్చిస్తాను. మిగిలింది ఇక్కడే ఎక్కడైనా పారేయండి. దీన్ని రీసైక్లింగ్ అంటారు" అంది గూడబాతు.

చుట్టాన్ని గుచ్చి గుచ్చి అడగడం ఆ అడవిలో మర్యాద కాదు. తగలడినట్టే ఉంది ఆ మర్యాద. పిల్లకి రోజూ పెద్ద చేప దొరుకుతుందన్న ఆశతో నూకాలు సరేనంది.

తీగలు కాల్చారు. అడవంతా నల్లటి పొగ కమ్మింది. సముద్రం చేపలేమో మొదటి వారంతోనే సరి. రెండో పడవ వచ్చేసరికి కాలవ నీళ్లు రంగు మారాయి, బురదలో పీతలు చచ్చిపడ్డాయి. మూడో పడవ వచ్చేనాటికి నూకాలు పిల్లకి ఒళ్లంతా పుండ్లు, ఒకటే దగ్గు.

"ఈ చెత్త వల్లేనే అమ్మాయ్" అంది ముసలి పీతవ్వ.

"ఛ, బాబుగారు అలాంటివారు కాదవ్వా" అంది నూకాలు. అలా అని, ఎప్పటిలాగే చుట్టానికి రెండు చేపలు పట్టుకెళ్లింది.

"వద్దులే, ఇవాళ ఉపవాసం" అంది గూడబాతు.

మర్నాడు తీసుకెళ్తే కడుపులో బాగాలేదంది. మూడో రోజు విసుక్కుని, "ఈ కాలవ చేపలు ముట్టొద్దని మావాళ్లు మరీ మరీ చెప్పి పంపారు" అని నోరు జారింది.

నూకాలు ఒళ్లు మండిపోయింది. గంపెడు చేపలు గుటుక్కున మింగే గూడబాతుకి ఉపవాసమా?

"అంటే విషమని నీకు ముందే తెలుసన్నమాట. నా బిడ్డ రోజూ తినేది ఈ చేపలే" అంది.

నూకాలు వేసిన ఒక్క కేకతో అడవి అడవంతా కదిలింది. నక్కలు, కొంగలు, మిగిలిన పీతలు కలిసి చెత్తంతా తిరిగి పడవలోకి ఎక్కించాయి.

గూడబాతు గాబరాపడింది. "ఇది మా ఊరికి తీసుకెళ్తే దింపనివ్వరు. అక్కడ పసిపిల్లలున్నారు" అంది.

నూకాలు దగ్గుతున్న పిల్లని ఎత్తుకొచ్చి దాని ముందు నిలబెట్టింది.

"మరి దీన్ని ఏమంటారు?" అని అడిగింది.

ఆ సిగ్గుమాలిన చుట్టాన్ని పడవతో సహా సాగనంపారు. నూకాలు పిల్లని వీపున వేసుకుని మంచినీళ్లు వెతుక్కుంటూ ఎగువకి వెళ్లింది. కొన్నాళ్లకి దగ్గు తగ్గింది. కానీ పుట్టిన కాలవలో ఆ పిల్ల మళ్లీ ఈదలేదు.

నీతి: తన ఇంట్లో ఉంచుకోలేని విషాన్ని ఎదుటివాడి గుమ్మంలో దించి మేలు చేశాననడం ద్రోహం; మొహమాటానికి పోయి దాన్ని దింపుకోకూడదు.