వెనక బల్ల

పూర్ణయ్య గారు జీపులో ముందు సీట్లో కూర్చోగా చూసినవాళ్ళు లేరు. ఆశ్రమానికి వచ్చిన పెద్దమనుషులు ఎంత బతిమాలినా నవ్వేసి, పంచె పైకి దోపుకుని, వెనక చక్రం మీదుగా వేసిన చెక్కబల్ల మీదికి ఎక్కేవారు. అది రోగుల్ని పడుకోబెట్టే బల్ల. పాడేరు పైన కొండల్లో ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి ఒక వైద్యశాల, ఆ వైద్యశాలకు ఒకే ఒక జీపు. పై ఊళ్ళకు బియ్యం, మందులు తీసుకెళ్ళడం, జబ్బు చేసినవాళ్ళను కింద పెద్దాసుపత్రికి దింపడం దాని పని. ఆ బల్ల మీద ఏం సుఖం ఉందని ఎవరైనా అడిగితే "గాలి బాగా వస్తుంది" అనేవారు గురువుగారు.

జీపు నడిపేది త్రినాథ్. అనకాపల్లి వైపు వాడు, వయసు ముప్పై దాటింది. గురువుగారి దగ్గర నాలుగు మంచి మాటలు విందామని వచ్చి, తనకు డ్రైవింగు వచ్చునని నోరు జారి, మర్నాటి నుంచే జీపుకు అంకితమైపోయాడు. చాలాకాలం ఆ పని అతనికి ఇష్టంగానే ఉండేది. కిందటి వానాకాలంలో ఒక బాలింతను దింపుతుండగా, దారికి అడ్డంగా పారే గెడ్డ దాటే చోట జీపు పొట్ట బండరాయి మీద ఆనుకుని కదలనని మొరాయించింది. చక్రాల మీద బండిని మోసే కమాన్లు పాతబడి కుంగిపోయి ఉన్నాయి. ఊరివాళ్ళు వచ్చి ఎత్తి దాటించేసరికి ఆలస్యమైంది. ఆసుపత్రి గేటు కనిపిస్తుండగా ఆ బాలింత ప్రాణం పోయింది.

ఆ తరవాత త్రినాథ్‌కు అన్నం సయించలేదు. గెడ్డ దగ్గరికి రాగానే కాలు తనంతట బ్రేకు మీదికి వెళ్ళేది. వెనక నుంచి ఎవరైనా మూలిగితే ఆమే మూలిగినట్టు ఉండేది. చివరికి ఒక సాయంత్రం తాళాలు తెచ్చి గురువుగారి ముందు పెట్టాడు.

"మనసుని రాయి చేసుకోడం ఎలాగో చెప్పండి గురువుగారూ. చెప్తే నడుపుతాను. లేదంటే ఈ పని నా వల్ల అవదు."

అతను మానేస్తే ఆ కొండ మీద బండి తీసే మనిషి లేడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పూర్ణయ్య గారు తాళాలను మెల్లగా అతని వైపే జరిపారు.

"గెడ్డలో రాయి తగలకుండా జీపు ఎత్తు పెంచాలని ఎప్పటి నుంచో అంటున్నావు కదా నాయనా. ముందు ఆ పని చూడు. సామాను నీకు నచ్చిందే తెచ్చుకో. ఇది తరవాత మాట్లాడుకుందాం."

మనసు గురించి అడిగితే బజారుకు పంపించే గురువు మీద త్రినాథ్‌కు ఒళ్ళు మండింది. అయినా విశాఖపట్నం వెళ్ళాడు.

జీపు సామాన్ల షాపతను రకరకాల కమాన్లు, కుదుపును ఆపే షాకులు ముందు పరిచాడు. రెండంగుళాలు లేపేవి ఉన్నాయి, నాలుగంగుళాలు లేపేవి ఉన్నాయి. షాకుల్లో మెత్తనివి, గట్టివి ఉన్నాయి.

"ఎనక ఏటి ఏస్తారు బాబూ?" అని అడిగాడు.

"బియ్యం బస్తాలు, సిమెంటు, మనుషులు. ఎంత ఏసినా కుంగకూడదు."

"అలాగైతే ఇవి పట్టుకెళ్ళండి. కానీ బరువు లేనప్పుడు బాగా గట్టిగా ఉంటాది మరి."

"గట్టిగా ఉండాలనే వచ్చాను" అన్నాడు త్రినాథ్.

నాలుగంగుళాలవే తెచ్చి బిగించాడు. షాకులు షాపులో ఉన్నవాటన్నిటిలోకీ గట్టివి. జీపు మెడ ఎత్తిన కోడిపుంజులా నిలబడింది. బస్తాలు నింపి గెడ్డ మీదికి తీసుకెళ్తే ఆ పాడు బండరాయి దరిదాపులకు కూడా రాలేదు. త్రినాథ్‌కు ఆ రోజు కడుపునిండా అన్నం సయించింది. ఇక ఏదీ తగలదు అనుకున్నాడు.

మూడోనాడు పై ఊరి నుంచి కబురొచ్చింది. కొర్రా సోములమ్మ అనే ముసలామె చింతచెట్టు కింద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. జీపు అంత ఎత్తు కావడంతో ఆమెను ఎక్కించడానికే నలుగురు అవస్థపడ్డారు. ఎక్కించాక అసలు బాధ మొదలైంది. బస్తాలతో బుద్ధిగా నడిచిన జీపు, బక్కప్రాణి ఒక్కతే ఉండేసరికి ప్రతి గుంటకీ గెంతింది. రెండో మలుపు దగ్గర సోములమ్మ అతని చొక్కా పట్టుకుంది.

"దింపేయ్ బాబూ. నాను ఈ బండిలో రాలేను. డోలీలోనే ఎలిపోతాను."

కొడుకులు వెదురు కొట్టి, దుప్పటి కట్టి, ఆమెను డోలీలో వేసుకుని నడిచారు. వెనకాలే ఖాళీ జీపు వేసుకుని, మొదటి గేరులో, త్రినాథ్ తారు రోడ్డు దాకా ఊరేగాడు. ఎదురొచ్చినవాళ్ళు డోలీకి దారి ఇచ్చి, జీపు వైపు వింతగా చూశారు. సిగ్గుతో అతని తల స్టీరింగుకు ఆనింది. తారు రోడ్డు మీదికి ఆసుపత్రి బండి వచ్చి ఆమెను ఎక్కించుకుంది.

మర్నాడు పొద్దున పూర్ణయ్య గారు జీపు దగ్గరికి వచ్చారు. వెనక్కి వెళ్ళలేదు. డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చున్నారు.

"ఇవాళ నువ్వు వెనక పడుకో" అన్నారు.

గురువుగారికి బండి నడపడం వచ్చునని ఆశ్రమంలో ఎవరికీ తెలియదు. బాగా వచ్చునని మాత్రం త్రినాథ్ ఒప్పుకోలేడు. అయితే అతన్ని ఎగరేసింది ఆ నడపడం ఒక్కటే కాదు. ఇన్నాళ్ళూ అతనికి మెత్తటి సీటు ఉంది, పట్టుకోవడానికి స్టీరింగు ఉంది, గుంట వస్తున్నట్టు ముందే కనిపించేది. ఇక్కడ పడుకుంటే రేకు కప్పు తప్ప ఏమీ కనిపించడం లేదు. గుంట వచ్చి వీపులో దిగాకే తెలుస్తోంది. పళ్ళు టకటకమన్నాయి. ఆపమని రెండుసార్లు రేకు మీద కొట్టాడు. గురువుగారు గెడ్డ దాటాకే ఆపారు.

"రాయి తగిలిందా?"

"జీపుకి తగల్లేదండి" అన్నాడు త్రినాథ్, నడుం పట్టుకుని లేస్తూ.

పూర్ణయ్య గారు జీపు దిగారు. తిరుగుప్రయాణంలో తాళాలు అతనికిచ్చి, తన బల్ల మీదికి తాను ఎక్కారు.

త్రినాథ్ మళ్ళీ షాపుకెళ్ళాడు. ఈసారి తన మాట చెప్పలేదు, షాపతన్నే అడిగాడు. షాకు మరీ గట్టిదైతే గుంటంతా తెచ్చి మనిషి ఒంట్లో పెడుతుందని, అసలు లేకపోతే గుంట దాటి ఎంతదూరం పోయినా బండి ఊగుతూనే ఉంటుందని అతను చెప్పాడు. త్రినాథ్ ఆ రెండో మాట మళ్ళీ చెప్పించుకున్నాడు. రెండంగుళాలు లేపే మెత్తటి కమాన్లు, వాటికి తగిన షాకులు ఎంచుకున్నాడు. షాపతను గొణుక్కుంటూనే మార్చి ఇచ్చాడు. అవి ఎక్కువ బరువు మోయవు కాబట్టి బస్తాలు ఇక కాసిని కాసిని చొప్పున రెండు విడతలుగా పైకి వెళ్తాయి.

తుంటి అతికాక సోములమ్మను ఇంటికి చేర్చే పని అతనిదే అయింది. ఆమె జీపును ఎగాదిగా చూసి, బల్ల మీద చెయ్యి వేసి నొక్కి, ఆ తరవాతే ఎక్కింది. దారిలో ఆమె మూలగలేదు, మనవరాలి పెళ్ళి గురించి మాట్లాడుతూనే ఉంది. గెడ్డ దగ్గర మాత్రం జీపు కింద గరగరమని చప్పుడైంది. చనిపోయిన బాలింత మొహం త్రినాథ్ కళ్ళముందు నిలిచింది. అతను బ్రేకు తొక్కలేదు. జీపు రాయిని రాసుకుంటూనే అవతలి గట్టు ఎక్కింది.

సాయంత్రం అతను గురువుగారి దగ్గరికి వచ్చాడు. తాళాలు చేతిలోనే ఉన్నాయి, కింద పెట్టలేదు.

"బండి బాగుందండి. ముసలమ్మ సుఖంగా ఇల్లు చేరింది. కానీ గెడ్డలో ఆ రాయి ఇంకా తగులుతూనే ఉంది గురువుగారూ."

పూర్ణయ్య గారు అతని మొహంలోకి చూశారు.

"తగలనీ నాయనా" అన్నారు. "ఆగిపోలేదు కదా."