గొలుసు తోక పట్టిన అప్పయ్యమ్మ

ఎప్పుడు జరిగిందంటే ఎవరూ చెప్పలేరు. ఎక్కడ జరిగిందంటే ఎవరైనా చూపిస్తారు. సముద్రం వైపు తిరిగి కూర్చున్న ఒక కొండ. కొండ మీద ఒక విశ్వవిద్యాలయం. కొండ కింద ఒక గెడ్డ. గెడ్డ అంటే వానల్లో పొంగి, ఎండల్లో ఇసక మిగిల్చే వాగు. ఆ గెడ్డ అవతలి ఒడ్డున ముప్పై ఎనిమిది ఇళ్ళ పేట. ఆ పేటలో అప్పయ్యమ్మ అని ఒక మనిషి.

అప్పయ్యమ్మ పనేమిటంటే, గొలుసు పట్టడం. గొలుసంటే మెళ్ళో వేసుకునేది కాదర్రా. నేల కొలిచేది. నూరు ఇనప లంకెలు, రెండు కొసలా రెండు ఇత్తడి పిడులు. ముందు పిడి పట్టుకుని ఒకరు నడుస్తారు. వెనక పిడి పట్టుకుని ఒకరు మేకు దగ్గర కూర్చుంటారు. వెనక కూర్చున్నవాళ్ళని తోక మనిషి అంటారు. తోక మనిషి కదిలితే కొలత చెడిపోతుంది. అప్పయ్యమ్మ ఎండకి కదల్లేదు. చీమలు కుట్టినా కదల్లేదు. ఒకసారి ఆంబోతు వచ్చి ఎదురుగా నిలబడితే, దానికేసి చూసిందే తప్ప కదల్లేదు. చివరికి ఆంబోతే కదిలింది.

ఆ విశ్వవిద్యాలయంలో ఊళ్ళు కట్టడం నేర్పే చదువొకటి పెట్టారు. పట్టణ ప్రణాళిక అంటారు దాన్ని. రోడ్డు ఎక్కడ వెయ్యాలి, బడి ఎక్కడ పెట్టాలి, మురికినీరు ఎటు పంపాలి, ఇవన్నీ ముందే కాగితం మీద ఆలోచించే చదువు. మంచి చదువే. చదువుదేం తప్పు లేదు.

మొదట్లో దానికి సొంత ఇల్లు లేదు. ఇంజనీరింగు వాళ్ళ వెనక గదిలో పెట్టారు. ఇంజనీర్ల పెద్దే దానికీ పెద్ద. ఆయన మూడు నియమాలు పెట్టాడు. గొలుసుకి కుడి పక్కన ఏముందో, ఎడం పక్కన ఏముందో తోక మనిషి పైకి చెప్పాలి. తోక మనిషి చెప్పింది పుస్తకం పట్టినవాళ్ళు రాయాలి. రాసింది చెరపకూడదు. మంచి నియమాలు. పెట్టినవాడే వాటిని ఎక్కడ ఆపాడో చూడండి.

ఊరంతా కొలుచుకుంటూ వచ్చి, గెడ్డ ఒడ్డున గొలుసు చుట్టేశారు. ఎండాకాలం అయ్యేసరికి పటం గీసి గోడకి తగిలించారు. అప్పయ్యమ్మ పటం ముందు చాలాసేపు నిలబడింది. చదువు లేకపోయినా తాను కూర్చున్న మేకులు తనకి తెలుసు కదా. వేలితో ఒక్కో మేకూ వెతుక్కుంటూ గెడ్డ దాకా వచ్చింది. గెడ్డ అవతల తెల్లకాగితం.

"బాబూ, మా పేట ఏదీ?" అంది.

"ఇది రోడ్ల పటమే. మీ పేటకి రోడ్డు లేదు. రోడ్డు లేని చోటికి గొలుసు దేనికి?" అన్నాడు ఇంజనీర్ల పెద్ద.

"రోడ్డు నేకపోతే మాం ఎగిరొచ్చి మీ గొలుసు పట్టుకుంటన్నామా బాబూ?" అంది అప్పయ్యమ్మ.

గదిలో అందరూ నవ్వారు. నవ్వారు గానీ గియ్యలేదు.

కొన్నేళ్ళు పోయాయి. పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఈ చదువు ఇంజనీర్లది కాదట, భూగోళం వాళ్ళదట. సామాను దించండన్నారు. గుమాస్తా జాబితా రాశాడు. బల్లలు రాశాడు. కుర్చీలు రాశాడు. గొలుసు రాశాడు. గొలుసు పట్టే మనిషిని రాయలేదు.

"బాబూ, మరి నా పేరో?" అంది అప్పయ్యమ్మ.

"గొలుసు రాశాను కదే. గేదెని అమ్మితే తోకని వేరే రాస్తారా?" అన్నాడు గుమాస్తా.

విన్నారా ఆ మాట? అన్నేళ్ళు ఎండలో కూర్చున్న మనిషితో అనాల్సిన మాటేనా అది? అప్పయ్యమ్మ గొలుసు భుజాన వేసుకుని భూగోళం మేడకి నడిచింది.

భూగోళం వాళ్ళ పెద్దాయన కొత్త పటం గీయించాడు. అందులో కొండకి నీడలు వేశారు. గెడ్డకి నీలం రంగు వేశారు. ఇసక దిబ్బలకి చుక్కలు పెట్టారు. అప్పయ్యమ్మ మళ్ళీ వెళ్ళి నిలబడింది. మళ్ళీ వేలితో వెతుక్కుంది. గెడ్డ అవతల మళ్ళీ తెల్లకాగితమే.

"బాబూ, మా పేట ఏదీ?"

"చూడు అప్పయ్యమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. కాస్త మెత్తని మనిషిలెండి. "పాకలు ఇవాళ ఉంటాయి, రేపు పోతాయి. భూగోళంలో పోనివే రాస్తాం. కొండ పోదు, గెడ్డ పోదు."

"మా తాత ఆ ఇంట్లోనే పుట్టినాడు, ఆ ఇంట్లోనే సచ్చిపోనాడు బాబూ. మీ గెడ్డే నా సిన్నప్పట్నించి రెండుసార్లు దారి మారింది."

ఆయన తలూపాడు. తలూపాక పటం దిద్దుకోవాలా, వద్దా? మెత్తని మనుషులతో వచ్చిన చిక్కే ఇది. వింటారు, తలూపుతారు, ఊరుకుంటారు.

ఇంకా కొన్నేళ్ళు పోయాయి. ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఈ చదువు ఇంజనీర్లదీ కాదు, భూగోళం వాళ్ళదీ కాదు, దాని కాళ్ళ మీద అదే నిలబడాలన్నారు. దానికి ఒక డైరెక్టరుని వేశారు. కోదండపాణి గారని, బయట దేశాల్లో నగరాలు చూసొచ్చినవాడు. మళ్ళీ జాబితా రాశారు. బల్లలు రాశారు. కుర్చీలు రాశారు. గొలుసు రాశారు. గొలుసు పట్టే మనిషిని రాయలేదు. ఈసారి అప్పయ్యమ్మ అడగనూ లేదు. పేట గురించి మాత్రం మూడోసారీ అడిగింది.

"పట్టా లేని ఇల్లు ఇల్లు కాదు, ఆక్రమణ," అన్నారు కోదండపాణి గారు, పటం మీంచి తలెత్తకుండా. "పటంలో గీస్తే మనం ఒప్పుకున్నట్టవుతుంది."

మొదటాయన రోడ్డు లేదన్నాడు. రెండో ఆయన కొండ కాదన్నాడు. మూడో ఆయన కాగితం లేదన్నాడు. ముగ్గురూ పెద్ద చదువులవాళ్ళే. గెడ్డ దాటి నాలుగడుగులు వేసి చూసినవాడు ముగ్గురిలో ఒక్కడూ లేడు.

అంతటితో ఆగితే ఈ కథే ఉండేది కాదు. కాళ్ళ మీద నిలబడిన చదువుకి ఇల్లు కావాలిగా? కోదండపాణి గారు పటం పరిచి చూశారు. కొండ మీద చోటు లేదన్నారు. వేలు కిందికి జరిపారు. గెడ్డ అవతల తెల్లగా, శుభ్రంగా, ఖాళీగా మూడెకరాలు. "ఇదిగో, దేవుడిచ్చిన స్థలం" అన్నారు.

తామే తెల్లగా వదిలారు. ఆ తెలుపు చూసి తామే ఖాళీ అన్నారు. ఊళ్ళు కట్టడం నేర్పే బడి, తన ఇల్లు కట్టుకోడానికి ఒక ఊరిని లేకుండా చెయ్యబోయింది. దీన్నేమనాలో ఏ నిఘంటువులోనూ మాట లేదు.

పేటలో ఈ సంగతి పొయ్యి పొయ్యికీ పాకింది. ఆడవాళ్ళు అప్పయ్యమ్మ గుమ్మం ముందు కూడారు.

"ఏటప్పా, మన గుమ్మాల మీద ముగ్గు పోసినట్టు సున్నం గీతలు గీస్తారంట. గొలుసు నువ్వే పడతావంట," అంది మొదటి ఇంటి సింహాద్రమ్మ.

"నాను పట్టకపోతే ఇంకొకర్ని పట్టమంటారు. ఆళ్ళకి మన పేర్లు తెలవ్వు," అంది అప్పయ్యమ్మ.

"పేర్లతోటి ఏటి పని?"

"రేపు సూడు."

తెల్లారింది. కోదండపాణి గారు వచ్చారు, వెనక పదిమంది విద్యార్థులు వచ్చారు. పుస్తకం పట్టినది హైమవతి అనే అమ్మాయి.

ఆ పుస్తకం సంగతి ఒకటి చెప్పాలి, జాగ్రత్తగా వినండి. మామూలు పుస్తకం పైనుంచి కిందికి రాస్తాం. కొలత పుస్తకం కింద నుంచి పైకి రాస్తారు. ఎందుకంటే మనిషి ముందుకి నడుస్తున్నాడు కదా, నడకతో పాటు రాతా పైకి వెళ్ళాలి. మధ్యలో గొలుసుకి రెండు గీతలు. కుడి పక్కవి కుడి వైపు, ఎడం పక్కవి ఎడం వైపు. పేజీలకి అంకెలుంటాయి, చింపడానికి లేదు. పని మొదలయ్యే ముందు అన్నిటికన్నా కింద పెద్దాయన సంతకం చెయ్యాలి. కోదండపాణి గారు జేబులోంచి బంగారు పాళీ కలం తీసి, అడుగున ఇంత పొడుగు సంతకం చేశారు. పైనంతా ఖాళీ.

"ఊఁ, కానివ్వండి," అన్నారు.

అప్పయ్యమ్మ గెడ్డ ఒడ్డున మేకు దగ్గర కూర్చుంది. పిడి పట్టుకుంది. గొలుసు బిగిసింది. తోక మనిషి నోరు విప్పింది.

"కుడి పక్క, సింహాద్రమ్మ ఇల్లు. మొగుడు, ఇద్దరు పిల్లలు, ఒక మేక. ఎడం పక్క, కుంచి పోలయ్య ఇల్లు. ముసిలోళ్ళిద్దరు. పోలయ్యకి కళ్ళు కనపడవు."

హైమవతి రాసింది.

"అవి రాయకమ్మా," అన్నారు కోదండపాణి గారు.

"తోక మనిషి చెప్పింది రాయాలి కదండీ. పోయిన పరీక్షలో మీరే అడిగారు. అది రాయనందుకు నాకు రెండు మార్కులు తీసేశారు."

"ఇవి స్తంభాల గురించి, బావుల గురించి పెట్టిన నియమాలు."

"అలాగని నియమంలో లేదండీ."

గొలుసు ముందుకి జరిగింది. అప్పయ్యమ్మ తర్వాతి మేకు దగ్గర కూర్చుంది. "కుడి పక్క, వలలు అల్లే బంగారి ఇల్లు. కోడలు నిండు సూలాలు. ఎడం పక్క, ఇస్త్రీ పెట్టె తోసే రావులు ఇల్లు. మీ సొక్కా ఇస్త్రీ సేసినాడు ఆడే బాబూ." కోదండపాణి గారి చెయ్యి తనకి తెలియకుండానే చొక్కా మీదికి వెళ్ళింది.

ఆవిడ అరవలేదు. ఏడవలేదు. కాళ్ళ మీద పడలేదు. అన్నేళ్ళుగా కల్వర్టులు చెప్పిన గొంతుతోనే ఇళ్ళు చెప్పింది. ఇల్లు చెప్పగానే ఆ ఇంటివాళ్ళు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ముప్పై ఏడు ఇళ్ళయ్యాయి. చివరి మేకు దగ్గర అప్పయ్యమ్మ పిడి కింద పెట్టి చేతులు దులుపుకుంది.

"ఇంకొక గుమ్మం ఉందమ్మా, కుడి పక్క. అదెవరిది?" అంది హైమవతి.

"అదా పాపా. అది వదిలెయ్యి."

"ఎవరిదమ్మా?"

"నాదేలే. నన్నెవులూ రాయనేదు ఎప్పుడూ. నాకే నోరు రాటం నేదు."

హైమవతి పేజీ పైకొసన, ఒక్కో అక్షరం పైకి చదువుతూ రాసింది. కుడి పక్క, గొలుసు పట్టే అప్పయ్యమ్మ ఇల్లు. ఇంట్లో ఒక్కతే.

స్థలం పటం పాలక మండలికి వెళ్ళాలి. దానితో కొలత పుస్తకమూ వెళ్ళాలి. అది రివాజు. చింపలేరు, చెరపలేరు. పాలక మండలిలో వయసు మళ్ళిన వకీలొకాయన ఉన్నాడు. కళ్ళజోడు పైకి తోసుకుని పుస్తకం తిప్పాడు.

"పటంలో ఖాళీ స్థలమని ఉంది. పుస్తకంలో ముప్పై ఎనిమిది గుమ్మాలున్నాయి. ఖాళీ స్థలంలోకి ఈ మేక ఎలా వచ్చిందండీ డైరెక్టరు గారూ?"

"అవి లెక్కలోకి రావండీ."

"రాకపోతే వీటి కింద మీరు సంతకం ఎందుకు పెట్టారు?"

రాయక ముందే పెట్టానని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. కొత్త బడి కొండ మీదే కట్టారు, పెద్దల బంగళాల వెనక జీడితోటలో. అక్కడ మూడెకరాలు ఎప్పట్నించో ఊరికే పడున్నాయి. పెద్దలు పొద్దున్నే షికారు తిరిగే చోటు. దాన్ని ఖాళీ అనడానికి మాత్రం అన్నేళ్ళూ ఒక్కరికీ నోరు రాలేదు.

అప్పయ్యమ్మని పనిలోంచి తీసెయ్యమన్నారు కోదండపాణి గారు. గుమాస్తా ఫైళ్ళన్నీ తిరగేశాడు. "తీసెయ్యాలంటే ఉత్తర్వు కావాలండీ. ఉత్తర్వుకి ముందు ఆవిడ పేరు ఎక్కడైనా ఉండాలి కదండీ. ఎక్కడా లేదు" అన్నాడు. అందుకని ఉత్తర్వేమీ లేకుండా, "రేపట్నించి రాకు" అన్నారు. ఆవిడ రాలేదు. పేటలోనే బతికింది, పేటలోనే పోయింది. అప్పటికి గెడ్డ మీద వంతెన పడింది, పేటకి కుళాయి వచ్చింది, ఊరి పటంలో ముప్పై ఎనిమిది చుక్కలు పడ్డాయి. ఆ చుక్కలు చూసే పోయింది.

తర్వాతెప్పుడో ఆ బడి తన చరిత్ర అచ్చు వేయించుకుంది. ముగ్గురు పెద్దల ఫొటోలు వేశారు. మూడు మేడల ఫొటోలు వేశారు. ఏ సంవత్సరం ఎన్ని బల్లలు మారాయో కూడా వేశారు. అప్పయ్యమ్మ పేరు లేదు. అచ్చు పుస్తకమైతే అందంగానే ఉంది. అలమరాలో ఉంది. ఎవరూ చదవరు.

కానీ ఇప్పటికీ ఆ ఊళ్ళో ఏ ఆఫీసరైనా "అక్కడెవరూ లేరు" అన్నాడంటే, కూరగాయలమ్మే మనిషి కూడా తట్టని కాస్త పక్కకి జరిపి, "అప్పయ్యమ్మ సెప్పిందా బాబూ?" అని అడుగుతుంది. పాపం, ఆఫీసరుకి ఆ అప్పయ్యమ్మ ఏ శాఖో తెలియదు.

ఆ బడిలో చేరిన కొత్త పిల్లలకి మొదటి వారం గొలుసు ఇవ్వరు, కలం ఇవ్వరు, కాగితం ఇవ్వరు. హైమవతి అక్కడే పంతులమ్మ అయ్యాక పెట్టిన పద్ధతి అంటారు. ఉత్త చేతులతో పేటకి దిగాలి. ఇంటింటికీ వెళ్ళాలి. వారం చివర వంతెన పక్కన ముసలమ్మలు వరసగా కూర్చుంటారు. పిల్లలు ముప్పై ఎనిమిది ఇళ్ళూ వరసగా అప్పజెప్పాలి.

"ముప్పై ఆరే సెప్పినావు. మా అక్క ఇల్లూ మా ఇల్లూ ఏటి, ఎగరగొట్టీసినావా?" అంటుంది ఒకావిడ.

"మన్నించండమ్మా, మళ్ళీ చెప్తాను."

"సెప్పు. మాకేటి తొందర. కుడి పక్కనుంచి."

పిల్లవాడు మళ్ళీ మొదలెడతాడు. కుడి పక్కా, ఎడం పక్కా చెప్పుకుంటూ కొసకి వస్తాడు. ఆ చివరి ఇంట్లో ఇప్పుడు ఒక దర్జీ కుటుంబం ఉంటోంది. అయినా వాడు "గొలుసు పట్టే అప్పయ్యమ్మ ఇల్లు" అనే చెప్పాలి. లోపల కుట్టుమిషను ఆపి, దర్జీ భార్య గుమ్మంలోకి వచ్చి, "ఉన్నాది" అనాలి. ఆవిడ ఆ మాట అన్నాకే ముసలమ్మలు లేస్తారు.

"ఇంకెల్లి మీ గొలుసు తెచ్చుకోండి" అంటారు.

కథ వెళ్ళిపోయింది. పేట ఉండిపోయింది.